ఏం చెయ్యదు, లోపలికి రా

ఇదొక మహాగాథ. ఇందులో ఒక మృగం ఉంది, ఒక కోటద్వారం ఉంది, ఆ ద్వారం బయట నిలబడిపోయిన ఒక పరిశుద్ధురాలు ఉంది. పైన ఆకాశం గర్జిస్తూ ఉంటుంది.

అంత సీను లేదు. మృగం మా లాబ్రడార్. కోటద్వారం గడియ సరిగా పడని మా ఇనుప గేటు. శంషాబాద్‌లో మా ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంది కాబట్టి ఆకాశం రోజూ గర్జిస్తుంది, దానికి వేరే కారణం లేదు. పరిశుద్ధురాలు మూడిళ్ల అవతల కిరాయికుండే పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, ఒకే చర్చి. అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు దవాఖానలో మంచం పక్కన నేలమీద పడుకుంది. చుట్టాలు బత్తాయిలు తెచ్చి, ఫోటో దిగి వెళ్లారు.

పెద్దమ్మ కాటేదాన్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసే పనికి పోయేది. మోకాళ్లు అరిగాక పనితో పాటు, మెట్లెక్కాల్సిన చర్చి కూడా మానేసింది. భర్త లేడు, పిల్లల్లేరు. వారం మొత్తంలో ఆమె నలుగురి మధ్య కూర్చునేది ఒక్కసారే, గురువారం సాయంత్రం మా ఇంట్లో జరిగే ప్రార్థన కూటంలో. పాట ఎత్తేది ఆమే. ఎంత పైకి ఎత్తేదంటే రెండో చరణానికల్లా మిగతావాళ్లం పెదవులు ఆడించి సరిపెట్టేవాళ్లం. పాస్టరుగారు కూడా.

కుక్కను తెచ్చింది నేను. నేను డ్యూటీకి పోతే అమ్మ ఒంటరిగా ఉంటోంది, తోడుంటుందని. అప్పటిదాకా రోజూ మధ్యాహ్నం వచ్చి తోడు కూర్చుంటున్నది ఎవరన్నది నాకు తట్టలేదు. కుక్క పేరు చెప్పను. ఇందులో మనుషులకే పేర్లు లేవు, దానికెందుకు?

అది వచ్చిన తొలి గురువారం పెద్దమ్మ గేటు దగ్గరే ఆగింది.

"బిడ్డా, జర దాన్ని కట్టెయ్ రా."

"ఏం చెయ్యదు పెద్దమ్మా, లోపలికి రా."

"చిన్నప్పుడు నన్ను కుక్క కరిసింది బిడ్డా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేసిండ్రు."

"గా కుక్క సచ్చిపోయి యాభై ఏండ్లయితది. దీనికి గా ముచ్చటే తెల్వది."

లోపల అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది, గేటు ఊచ వదలకుండా. తర్వాత లోపలికి వచ్చింది. కుక్క ముందుకాళ్లు రెండూ ఆమె భుజాల మీద వేసి మొహమంతా నాకింది. ఆమె చంకలోని బైబిలు సంచి జారి కింద పడింది. కాసేపటికి పాట ఎత్తమన్నారు. ఆమె సంచికి అంటిన దుమ్ము దులుపుతూ కూర్చుంది, పాట ఎత్తలేదు. నేను అదంతా వీడియో తీసి, "కుక్క చేతుల మీదుగా అభిషేకం" అని స్టేటస్ పెట్టాను. బాగా నవ్వుకున్నారు జనం.

నా ఉద్యోగం విమానాశ్రయంలో వీల్‌చైర్లు తోయడం. పెద్దవాళ్లు ఎస్కలేటర్ చూసి బెదిరితే, వంగి, "భయంగా ఉందా అమ్మా? లిఫ్టులో వెళ్దాం" అనాలని మాకు నేర్పించారు. యూనిఫాం ఒంటి మీద ఉన్నంతసేపు నేను బంగారం.

మరుసటి గురువారం పెద్దమ్మ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. "మోకాళ్లు నొస్తున్నట్టున్నయి," అంది అమ్మ. వరుసగా ఆరు వారాలు ఆమె మోకాళ్ల కోసం ప్రార్థన చేశాం. మూడిళ్లు నడిచి ఆ మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగడానికి మాత్రం ఎవరి మోకాళ్లూ సహకరించలేదు.

ఆ రోజుల్లోనే కుక్క ఏదో ఫంక్షన్ హాల్ వెనక బిర్యానీ బొక్కలు తిని వాంతులు చేసుకుంది. మూడు రోజులు సెలవు పెట్టి ఆటోలో పశువుల దవాఖానకు తిప్పాను. అమ్మ ఒకపూట ఉపవాసం ఉంది. ఆ గురువారం పాస్టరుగారు కుక్క కోసం ప్రార్థించి, ఒక మాట చెప్పారు. పిచ్చుక నేలరాలినా దేవునికి తెలుస్తుంది, పెంచే ప్రాణిని పస్తులుంచితే మనల్నే లెక్క అడుగుతాడు. అయితే ఆయన తన పోలికలో చేసింది మనిషిని, ఆ తేడా మన ఇళ్లలో కనబడాలి అని. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. కుక్క తల నా ఒళ్లో ఉంది. ఆయన ఎవరి గురించో చెబుతున్నారనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఎదురింటావిడ, మేమంతా ఖాలా అని పిలిచే పిన్ని, నన్ను ఆపింది.

"ఏంది రా, మీ పెద్దమ్మను మా గడప మీద కూసోబెట్టి, మీరు లోపల పాటలు పాడుకుంటున్రు?"

"మీ గడప మీదెందుకుంటది ఖాలా?"

"ప్రతి గురువారం ఆడనే ఉంటది. నేనే కుర్చీ ఏస్త. మీతోని పాట గూడ పాడతది, ఇనబడ్తలేదా?"

"విమానాలు ఖాలా..."

"ఆమె కోసం నేను నా సీరియల్ బంద్ చేస్తున్న. నువ్వు కుక్కను కట్టెయ్యలేవు?"

 

ఆ సాయంత్రమే గొలుసు కొన్నాను. అమ్మ చూసి, "కడితే ఏడుస్తది రా, పాపం," అంది.

"పెద్దమ్మ ఏడ్వలే గదా. అందుకే బయట కూసోబెట్టినం."

అమ్మ కూర తరగడం ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది.

గొలుసు చేత్తో పట్టుకుని, సాక్ష్యానికన్నట్టు, పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న:

"కుక్కకెట్లుంది? వాంతులు తక్కువైనయా? నేను గూడ ప్రార్థన చేసిన."

"తక్కువైనయి. పెద్దమ్మా, ఇగో, గొలుసు తెచ్చిన. ఇగ కట్టేసే ఉంచుత. అదేం చెయ్యదు."

"అదేం చెయ్యలే బిడ్డా. మీరు నవ్విండ్రు."

ఒక విమానం వెళ్లింది.  ఆ ఒక్కసారి ఆ చప్పుడు నాకు పనికొచ్చింది.

"ఈ గురువారం వస్తవా మరి?"

"ఇగ రాను బిడ్డా. తుక్కుగూడల ఒక అక్క ఇంట్ల మంగళవారం కూటమున్నది, రెండు వారాల సంది ఆటోల గక్కడికి పోతున్న. నేను గేటు కాడ కనవడంగనే ఆళ్లు కోళ్లను గూడ గంప కింద ఏస్తరు."

"నీకు కోళ్లంటే గూడ భయమా?"

"లేదు. ఆళ్లకు చెప్పలే."

"ఎందుకు?"

"మంచిగనిపిస్తది," అంది. నాకు ఛాయ్ పెట్టడానికి లేచింది. మోకాళ్లు నిజంగానే నొస్తున్నాయి.

ఇప్పుడు మా కూటంలో పాట అమ్మ ఎత్తుతుంది. అందరికీ అందే శృతిలోనే ఎత్తుతుంది, అందరం పాడతాం. అసలేం బాగుండదు.

కుక్కకు ఆ గొలుసు పొట్టిదైంది. గేటు గడియ పూర్తిగా విరిగిపోయింది కాబట్టి, గొలుసును గేటుకే చుట్టాం. సరిగ్గా రెండు చుట్లు వస్తుంది.