రెండు బల్లల మధ్య బుట్ట

చెప్పుల కార్ఖానాలో ఆవిడను అందరూ మిషనమ్మ అనేవారు. చెప్పుల పైతోళ్లు కుట్టడం ఆమె పని. కూర్చుందంటే తల ఎత్తేది కాదు. కుట్టినవి బుట్టల్లో వేసి, బుట్ట మీద బుట్ట పేర్చేది. అవి పెరిగి పెరిగి గోడ అంత అయ్యాయి. అవతల, ఆ పైతోళ్లకు అడుగులు అతికించే బల్ల దగ్గర, ఆమె ఆడపడుచు కూర్చునేది.

మిషనమ్మ భర్త పోయిన రోజున ఆ ఆడపడుచే గుండెలు బాదుకుంటూ, "ముందే ఆసుపత్రికి తీసుకెళ్లుంటే మా అన్నయ్య దక్కేవాడు" అంది. నలుగురిలో అన్న మాట. అది మిషనమ్మ మనసులో ముల్లులా దిగిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. దారిలో ఎదురైతే చూపు తిప్పుకునేవారు. కార్ఖానాలో బుట్టల పుణ్యమా అని ఆ శ్రమ కూడా ఉండేది కాదు.

ఇంతలో కొత్త సూపర్‌వైజరు వచ్చింది.

"సగం పనైన చెప్పులు ఇన్నేంటమ్మా? అడుగున ఉన్నవి బూజు పట్టాయి. ఇకమీదట రెండు బల్లల మధ్య ఒక్కటే బుట్ట. అది నిండితే కుట్టడం ఆపెయ్యండి."

"ఆపి, గోళ్లు గిల్లుకుంటూ కూర్చోమంటారా?" అంది మిషనమ్మ.

"బుట్ట ఎందుకు కదలట్లేదో వెళ్లి చూడండి."

మిషనమ్మను కొన్నాళ్లు తోలు కత్తిరించే చోటికి పంపి, అతికించే బల్లకు ఇంకో ఇద్దరిని తోడిచ్చి, పాత సరుకంతా ఖాళీ చేయించారు. ఆమె తన మిషన్ దగ్గరికి తిరిగొచ్చేసరికి ఎదురుగా ఆడపడుచు ఒక్కతే ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది.

ఆ పూటే బుట్ట నిండింది. ఎంతసేపటికీ తరగలేదు. నన్ను నవ్వులపాలు చెయ్యాలని కావాలనే నాన్చుతోందనుకుంది మిషనమ్మ. నాలుగు మాటలూ దులిపేద్దామని విసవిసా వెళ్లింది.

ఆడపడుచు అడుగును చేత్తో నొక్కడం లేదు. మోచెయ్యి ఆనించి, ఒళ్లంతా వాల్చి నొక్కుతోంది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ చుట్టూ వాపు.

మిషనమ్మ ఆ మణికట్టును తన చేతిలోకి తీసుకుంది.

"ఎన్నాళ్లనుంచే ఇది?"

"చాన్నాళ్లయింది వదినా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"బుట్టలు చూసి నువ్వు జోరుగా కుడుతున్నావనుకున్నారు గానీ, నేను వెనకబడ్డానని ఎవరనుకున్నారు?"

"నేనూ అలాగే అనుకున్నానే తల్లీ! పైగా పొంగిపోయాను కూడా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మిషనమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఆడపడుచు ఎడమచేత్తో జిగురు రాస్తుంటే తను నొక్కసాగింది.

"ఆరోజు నోరు జారాను వదినా. అన్నయ్యను నువ్వెలా చూసుకున్నావో నాకు తెలీదా?"

"జిగురు ఆరిపోతోంది, ఇటివ్వు" అంది మిషనమ్మ చెయ్యి చాస్తూ.

సూపర్‌వైజరు ఆడపడుచును డాక్టరుకు చూపించి, అడుగులు నొక్కడానికి ఒక చిన్న మర తెప్పించింది. మణికట్టు సగమే నయమైంది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి, ఒకే బస్సులో వెళ్లేవారు. దారి పొడుగునా వాదులాడుకునేవారు. ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాదని, బుట్ట నిండిన వేళల్లో మిషనమ్మ ఆడపడుచు వెనక నిలబడి, చిక్కులు తీసి, బిగించి అల్లేది.

"నెమ్మది వదినా, ఇది తోలు కాదు" అనేది ఆమె.