ఆరని గోధుమ చేను

అమీర్‌పేటలో రాజనర్సయ్య చెయ్యి పడని గోడలు తక్కువ. సొంతూరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ బడి గోడ మీద సూక్తులు రాసింది కూడా ఆయనే. పట్నం వచ్చి గోడలకు లప్పం పెట్టి సాపు చేయడం నేర్చుకున్నాడు, రంగుల మేస్త్రీ అయ్యాడు. లక్డీకాపూల్‌లో ఓ హోటలు స్తంభాలకు పాలరాతి నునుపు తెచ్చాడు. అయినా గోడ చూసి రంగు ఎవరు వేశారని అడిగేదెవరు? ఇల్లుగలాయన పేరే చెప్పుకుంటారు. భార్య మల్లమ్మ మాత్రం సాయంత్రం కాగానే "ఇయ్యాల ఏం రంగేసినవ్?" అనేది. ఆమె పోయాక ఆ మాటా లేదు.

అందుకే పంజాగుట్టలో అంబ్రీన్ నడిపే ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరాడు. బొమ్మకైతే మూలన పేరుంటుంది. ఇది నువ్వే వేశావా అని ఎవరో ఒకరు అడగకపోరు.

క్లాసులో అందరూ కుర్రవాళ్లే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. హోటలు స్తంభాల సంగతి ఎత్తితే "సూపర్ అంకుల్" అని నవ్వి తమ పనిలో పడేవారు.

చూసి వేయమని అంబ్రీన్ ఓ గోధుమ చేను ఇచ్చింది. బ్రష్షు గీతలు దాచకుండా వేసే పరదేశపు చిత్రకారులు, పోస్ట్-ఇంప్రెషనిస్టుల నాటి బొమ్మ. పసుప్పచ్చని పైరు, మెలికలు తిరిగిన చెట్టు, సుడులు పడే మబ్బులు. రాజనర్సయ్య గళ్లు గీసుకుని కొలత తప్పకుండా దింపాడు. ఆపైన వెడల్పాటి బ్రష్షుతో చేనంతా సాపు చేసి పెట్టాడు.

"అయ్యో తాతా, గిదేం చేసినవ్? చేనంతా గోడ లెక్క అయిపాయె!" అంది అంబ్రీన్.

"బ్రష్షు మచ్చ కనబడితే మేస్త్రీకి ఇజ్జత్ ఉంటదా బిడ్డా? ఒక్క గోడకు సుత మచ్చ వెట్టినోన్ని కాదు."

"గా మచ్చలే గాలి తాతా. అవి లేకుంటే పైరెట్ల ఊగుతది?"

రాజనర్సయ్య అలిగి నాలుగు రోజులు క్లాసుకు రాలేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక మళ్లీ వచ్చాడు. రంగంతా గీకేసి, ఒక్కో కంకికి ఒక్కో మందపాటి బ్రష్షు గీత వేశాడు. వేసిన ప్రతిసారీ సాపు చేయడానికి చెయ్యి తనంతట తనే లేచేది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టి ఆపుకునేవాడు.

పూర్తయిన రోజు మూలన పూర్తి పేరు రాసుకున్నాడు.

"మస్తుగుంది. జర ఆరనియ్యి తాతా, ఇప్పుడే తీస్కపోకు," అని అంబ్రీన్ ఇంకొకరి బొమ్మ వైపు తిరిగింది.

ఆగలేకపోయాడు. తడి బొమ్మను అంచులు పట్టుకుని పంజాగుట్టలో మెట్రో ఎక్కాడు. రైలు కిటకిటలాడుతోంది.

"తడి రంగు, పైలం!"

అందరూ బట్టలు వెనక్కి లాక్కుంటూ జరిగారు. కాలు పెట్టే సందులేని పెట్టెలో ఆయన చుట్టూ మాత్రం మంచం పరిచేంత ఖాళీ. రంగు ఎక్కడ అంటుతుందోనని అంచులే చూస్తున్నారు గానీ, బొమ్మనెవరూ చూడటం లేదు.

అమీర్‌పేటలో తలుపులు తెరుచుకున్నాయి. ఆఫీసు సంచీ తగిలించుకున్న ఒకాయన ఖాళీ అవతలి నుంచి మెడ చాచాడు.

"ఇది మీరే వేశారా అండీ?"

రాజనర్సయ్య దిగవలసింది అక్కడే. దిగలేదు.

"నేనే సార్. రాజనర్సయ్య అంటరు," అని ఊరి బడి గోడ దగ్గర మొదలుపెట్టాడు. కథ పట్నం బస్సు ఎక్కక ముందే ఎస్.ఆర్. నగర్ వచ్చింది.

"చాలా బాగుందండీ," అంటూ ఆయన దిగిపోయాడు.

రైలు కదిలింది. రాజనర్సయ్య, తర్వాతి స్టేషన్లో ఎక్కేవాళ్లకు కనబడేలా బొమ్మను తలుపువైపు తిప్పి నిలబడ్డాడు.