వేళకు వచ్చే ఊట

కోవిల్‌పట్టిలో మా ఇంటి కింద మంచినీళ్ళున్నాయని మా నాయన ఇల్లు కట్టిన నాటి నుంచీ నమ్మేవాడు. వీధిలో వేసిన బోర్లన్నిట్లోనూ ఉప్పునీళ్ళే పడ్డాయి. అయినా ఎండాకాలం ఊరంతా మాడిపోతుంటే మా పెరటి వేపచెట్టు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడేది. నాయనకు ఆ సాక్ష్యం చాలు. ఆయన తల్లికి, అంటే మా అవ్వకు, చాలదు.

కిందటేడు నీళ్ళ తొట్టి కోసం ఆ చెట్టు పక్కన గుంత తవ్విస్తే మూడడుగులకే నీళ్ళూరాయి. అదీ తియ్యటి నీళ్ళు. నాయన గుంతకు పసుపూ కుంకుమా పెట్టి, వీధికంతా చక్కెర పొంగలి పంచి, ఇక అందరికీ నీళ్ళు తానే ఇస్తానని మాటిచ్చేశాడు. నేను విరుదునగర్లో ఒక కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాను. ఆదివారం వచ్చి, ఆ నీళ్ళు తాగి, నమ్మాను. సోమవారం క్లాసులో, నమ్మకానికి ఆధారం ఎలా ఉండాలో చెప్పడానికి మా గుంతనే చూపించాను. పిల్లలు రాసుకున్నారు కూడా.

అవ్వ రెండు వారాలు పెరటి గుమ్మంలో కూర్చుని గుంతను చూసింది. మూడో ఆదివారం మేము దోసెలు తింటుండగా నాయనను అడిగింది.

“ఏమిరా, నీ ఊట ఏమన్నా ఉజ్జోగం చేస్తుందా? కొళాయిలో నీళ్ళొచ్చే దినమే ఊరుతుందే. మిగతా దినాలు లీవు.”

నాయన దోసె తుంచడం ఆపాడు. నాకైతే ఆ తీపే అనుమానంగా తోచింది. ఊరంతా ఉప్పైన చోట మా గుంత ఒక్కటే ఎందుకు తియ్యగా ఉండాలి? నీళ్ళు మారలేదు, చెట్టూ మారలేదు. అవి ఎవరి తరఫున సాక్ష్యం చెబుతున్నాయన్నదే మారింది.

తర్వాత నీళ్ళొచ్చిన రోజు నాయనే వెళ్ళి, వాల్వు తిప్పే ఆయన్ను బతిమాలి, మా వీధి వాల్వు ఒక గంట మూయించాడు. పొంగలి తిన్నవాళ్ళంతా గుంత చుట్టూ చేరారు. ఉన్న నీళ్ళు తోడేశాం. ఊట రాలేదు. వాల్వు తెరిచారు, వచ్చింది. చాలా క్రమశిక్షణ గల ఊట.

నాయన గుంతలోకి కాసేపు చూసి అవ్వ వైపు తిరిగాడు.

“నీళ్ళుండాయనే గదమ్మా చెప్పినా? ఉండాయి. ఎవురి నీళ్ళని చెప్పలా.”

ముందు నవ్వింది అవ్వే.

గుంతను ఇంకాస్త తవ్వితే తేలిందేమిటంటే, గోడ వెంట పోయే వీధి పైపులోకి మా వేపచెట్టు వేరు దూరింది. సాక్షే దొంగ. పైపు బాగుచేశాక, ఏళ్ళ తరబడి దారంలా కారిన వీధి చివరింటి కొళాయి బిందె నింపింది. ఆ ఇంటావిడ వేరుశనగ మిఠాయి పొట్లం తెచ్చి నాయన చేతిలో పెట్టి, అన్న మాటిచ్చినట్టే నీళ్ళిచ్చాడంది. నాయన కాదనలేదు.

నేను మాత్రం క్లాసులో పాఠం మార్చుకోవాల్సి వచ్చింది. నాయన ఇప్పుడు సాయంత్రాలు పక్క వీధుల్లో తిరుగుతుంటాడు. ఎండల్లో పచ్చగా ఉన్న వేపచెట్టు కనిపిస్తే చాలు, ఆ ఇంటి తలుపు తడతాడు.