గ్రీసు కొండమీద విన్న ‘నే’

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా ఈ జన్మలో బందరు లడ్డు నా నోటికి అందకూడదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మా పటాలం గ్రీసులో ఉండగా, ఒకరోజు మమ్మల్ని లారీలో షికారు తీసుకెళ్ళారు. పొద్దున పూర్వపు గ్రీకు వీరులు పోరాడిన మైదానం చూశాం. మధ్యాహ్నం దాటాక, నిట్టనిలువు కొండల నెత్తిన సన్యాసులు కట్టుకున్న మఠాల దగ్గరికి చేరాం. పైకి వెళ్ళాలంటే తాడుకు కట్టిన వలలో కూర్చోవాలి. దివిసీమవాణ్ణి, కాలవగట్టును మించిన ఎత్తు ఎరగను. ఎదురొచ్చిన ముసలి సన్యాసిని భయంకొద్దీ తెలుగులోనే అడిగాను.

“పడిపోతే నన్నెవరు పట్టుకుంటారండీ?”

“నే!” అన్నాడాయన.

ప్రాణం లేచొచ్చింది. “ఆకలేస్తోంది, అన్నమెవరు పెడతారండీ?”

“నే, నే!”

మన తెలుగాయనే అనుకుని ఎక్కేశాను. పైన రొట్టె, పెరుగు తన చేత్తోనే పెట్టాడు.

తిరిగొస్తుంటే మా జట్టులోని బందరు ఖాదరు పడీపడీ నవ్వాడు. “బావా, వాళ్ళ భాషలో ‘నే’ అంటే ‘అవును’! నువ్వేమడిగినా ఆయన అవునన్నాడంతే!”

అర్థం తెలియకుండా ఇచ్చిన రెండు మాటలూ నిలబెట్టుకున్న ఆ మనిషిని మళ్ళీ చూడలేదు.

లడ్డు మీద ఆశ చావక చెబుతున్నాను: వల నా కల్పన. ఎక్కింది మెట్లే. సగంలో కాలు జారితే చెయ్యి పట్టుకున్నది మాత్రం ఆయనే.