సోమవారం కనబడని సాంచె

మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. నేను పనిచేసే షెడ్డులో ప్రతి సాంచెకూ ఈమధ్యే ఒక మీటరు బిగించారు. ఏది ఎంత నడిచిందో ఆ మీటర్లు ఆఫీసు కంప్యూటరుకు చెబుతాయి. ఆ లెక్కలు చూసేది నేను. ఆ లెక్కల ప్రోగ్రాముకు కావలసిన సి భాష ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తప్పులు చేసుకుంటూ, దిద్దుకుంటూ పట్టుకున్నాను.

ఆ ప్రోగ్రాములో నాకిష్టమైన ఫంక్షన్ ఒకటుంది. నడకను కొలవడానికి ఏయే సాంచెలున్నాయని అడిగితే, ఆ క్షణాన ఉన్నవాటి నంబర్లు ఒక వరుసలో, పేర్లు ఇంకో వరుసలో తెచ్చిస్తుంది. ఎంత నడిచాయన్నది దానికి పట్టదు. ముందు ఎవరున్నారో తేలాలి, కొలత ఆ తర్వాతే. నూలు లేక ఆగిన సాంచె కూడా అందులో ఉంటుంది, దాని నడక సున్నా అంతే. సున్నా వేరు, లేకపోవడం వేరు.

షెడ్డు యజమాని సేటు ఆ జాబితాను ప్రతి సోమవారం పొద్దున్నే అడుగుతాడు. వరుసగా కొన్ని వారాలు ఒక సాంచె పేరే రాలేదు. అది ఒంటరిగా బతుకుతున్న ఒకామెది. పాడైందనుకుని, షెడ్డులో అది ఉన్న జాగ ఇంకొకరికి ఇస్తానన్నాడు సేటు. మరునాడే ఆమె ఆఫీసుకు వచ్చింది.

“సేటూ, నా సాంచె నడుస్తలేదట గద? మరి మొన్న నేసిన బట్ట దయ్యం నేసిందా?”

“జాబితాల లేదమ్మా,” అన్నాడు సేటు. “ఆగినయి సుత ఉన్నయి, నీది మొత్తానికే లేదు.”

ఆమె గొంతు తగ్గింది. “గా జాగ పోతే నేనేడికి పోవాలె సేటూ?”

ఆ ఫంక్షన్‌కు తోడు ఇంకొకటుంది. అది ఈ క్షణాన్ని కాక, దాచిన రికార్డంతా చూసి అందులో ఎప్పుడైనా కనిపించిన ప్రతి పేరునూ ఇస్తుంది. దాన్ని నడిపాను. ఆమె సాంచె పేరు వచ్చింది. రోజువారీగా చూస్తే మంగళవారం నుంచి ఆదివారం దాకా నిండుగా నడక. సోమవారం మాత్రం ఏమీ లేదు.

“సోమారం ఏం చేస్తవక్కా?” అనడిగాను.

“రాజన్న దినమాయె. సాంచెకు బొట్టు పెట్టి, స్విచ్చు మొత్తం బందు చేసి వేములవాడ గుడికి పోత. మా అత్త కాలం నుంచి గంతే. ఆ దినం దానికి కరెంటు సుత తగలొద్దు.”

మిగతావాళ్లు సాంచెను ఆపుతారు, స్విచ్చు తీయరు. ఈమె తీస్తే మీటరు కూడా ఆరిపోతుంది. ఇక పేరెలా వస్తుంది?

సేటు నవ్వాడు. “గీ ముక్క ముందుగాల చెప్పొద్దా?”

“మీరు అడిగిన్రా? కంప్యూటరును అడిగిన్రు. అదేమన్న గుడికి పోతదా!”

“సరే పో, జాగ నీదే. ఇగ మంగళారం తీద్దాం జాబితా.”

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని షెడ్డులోకి వెళ్లింది. అవసరం లేకపోయినా నేను జాబితా మళ్లీ తీసి చూశాను. పేరు ఉంది. నడక కూడా కొలిచి చూస్తే, అది అప్పుడే పెరుగుతోంది.