రాజమండ్రిలో రెండు జాలజీలు

మా పిన్ని కూతురు నిన్న ఫోన్ చేసి, "అక్కా, నాకు కావాల్సిన గ్రూపులో సీట్లు పదిహేనేనంట. రాజమండ్రి వెళ్లి చూసుకోనా, దగ్గర్లో వచ్చిన కాలేజీలో చేరిపోనా?" అని అడిగింది. ఆ మాట వినగానే ఏడేళ్ల కిందటి నా ప్రయాణం గుర్తొచ్చింది. దానికి ఫోన్లో ఏదో సర్దిచెప్పాను కానీ అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. అదే పని మీద ఆ దారిలో వెళ్లేవాళ్లు ఇంకా ఉంటారు.

అప్పుడే ఇంటర్ బైపీసీ పాసయ్యాను. భీమవరంలో ఒక కాలేజీవాళ్లు బీజెడ్‌సీలో, అంటే జువాలజీ ఉన్న గ్రూపులో, సీటిచ్చారు. మొగల్తూరులో మా ఇంటి నుంచి రోజూ వెళ్లి రావచ్చు. కాకపోతే ఆ రోజు సాయంత్రం నాలుగులోపు ఒరిజినల్ టీసీ ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాకేమో జియాలజీ కావాలి. ఉప్పాడలో మా పెద్దమ్మ వాళ్ల వీధిని సముద్రం తినేయడం చూశాను. అప్పటి నుంచి నేల సంగతి తెలుసుకోవాలన్న పట్టుదల. ఆ గ్రూపు రాజమండ్రి కాలేజీలో ఉంది, జాబితా చదివేది అదే రోజు మూడింటికి. మూడింటిదాకా అక్కడుంటే నాలుగింటికి భీమవరం చేరడం జరిగే పని కాదు. టీసీ చూస్తే ఒక్కటే.

పొద్దున్న ఐదింటికి మొగల్తూరులో బయల్దేరి, ఆరింటికి నర్సాపురంలో రాజమండ్రి బస్సెక్కాం. అప్పట్లో టికెట్టు ముప్పై చిల్లర, మూడు గంటల ప్రయాణం. నాన్న మండలాఫీసులో అటెండరు. సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని, పాలకొల్లులో ఒకసారి, పెనుగొండలో ఒకసారి విప్పి చూశారు. సిద్ధాంతం వంతెన మీద గోదాట్లో రూపాయి వేసి దణ్ణం పెట్టుకున్నారు. రావులపాలెం దాటాక జొన్నాడ వంతెన మీద ఇంకోటి వేశారు. కండక్టరు నవ్వాడు.

"రెండు పాయలకీ దరఖాస్తు పెట్టేశారేంటండీ?"

"కాలేజీలు కూడా రెండండి మరి," అన్నారు నాన్న. నాకు నవ్వు రాలేదు. ఇద్దరికీ దణ్ణం పెట్టినవాడికి ఏ దేవుడూ పలకకపోతే ఏం చేయాలన్నదే నా బెంగ. కడియపులంక దగ్గర నర్సరీల పూలు రోడ్డు పొడుగునా కనిపిస్తాయి, కిటికీ పక్కన కూర్చోండి. నేను మాత్రం వాటిని చూడనే లేదు.

తొమ్మిదింటికి దిగి, మనిషికి మూడు రూపాయలిచ్చి షేరాటోలో కాలేజీకి వెళ్లాం. కౌంటరు ముందు తోపులాట, పైన గడగడలాడే ఫ్యాను. హాస్టల్ ఫారం కోసం నేను పక్క వరుసలో నిలబడితే, దరఖాస్తు నాన్న ఇచ్చారు. గుమాస్తాగారు తలెత్తకుండా ఏదో అడగడం, నాన్న చేతులు కట్టుకుని "ఆయండి" అనడం కనిపించింది. ఆ "ఆయండి" మా నాన్నకి ఊపిరి లాంటిది. బల్లకి అవతల ఎవరు కూర్చున్నా, ఏమడిగినా అవునండి అనేయడమే ఆయనకి తెలుసు. పాతికేళ్ల ఉద్యోగంలో ఆ మాటతోనే ఆయన బతికారు.

పన్నెండింటికి క్యాంటీన్లో పెసరట్టు తింటున్నాం. పన్నెండున్నరకి భీమవరం బస్సుంది. దాంట్లో ఎక్కితే ఒక సీటు ఖాయం, ఎక్కకపోతే రెండూ పోవచ్చు. నాన్న గడియారం వైపే చూస్తున్నారు. పెసరట్టు పోసే ఆవిడ, "ఏం గ్రూపమ్మా?" అంది.

"జియాలజీ అండి."

"చూసుకున్నావా మరి? మా కాలేజీలో రెండు జాలజీలున్నాయి. ఒకటి రాళ్లది, ఒకటి కప్పలది. నీ కాయితం ఏ కట్టలో పడిందో? ఏటా ఒకళ్లన్నా నా దగ్గరికొచ్చి ఏడుస్తారు తల్లీ!"

నాన్న చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "జువాలజీయేనా అన్నట్టే ఉందమ్మా," అన్నారు మెల్లగా. "ఫ్యాను హోరులో సరిగ్గా వినపళ్లేదు. ఆయండి అన్నాను."

నాన్న మీద కోపం వచ్చింది, ఆ కోపం వచ్చినందుకు ఏడుపొచ్చింది. కౌంటరు దగ్గరికి పరిగెత్తాం. భోజనాల వేళని తలుపు వేసేశారు, రెండింటికి గానీ తియ్యరట. "భీమవరం పోదామా?" అని నాన్న అడిగారు. వద్దన్నాను. వద్దన్న క్షణం నుంచి భయం ఇంకా పెరిగింది. పన్నెండున్నర దాటింది. బస్సు వెళ్లిపోయింది. రెండింటిదాకా ఆ తలుపు ముందే నిలబడ్డాం.

తలుపు తీశాక గుమాస్తాగారు కట్ట వెతికి నా దరఖాస్తు పైకి తీశారు. అది జువాలజీ కట్టలోనే ఉంది. కాగితం మూల ఆయన చేత్తో రాసుకున్నది కూడా జువాలజీ అనే. "మీరే కదండీ జువాలజీ అని ఒప్పుకున్నారు?" అన్నారు విసుగ్గా.

నాన్న పెదవులు కదిలాయి. "ఆ..." అన్నారు. తర్వాత ఆయన కట్టుకున్న చేతులు విప్పి, బల్ల మీద పెట్టారు.

"కాదండి," అన్నారు. "నేను తప్పు చెప్పానండి. మా అమ్మాయిది రాళ్ల చదువండి. దరఖాస్తులో తనే రాసుకుంది, చూడండి."

గుమాస్తాగారు చూశారు. మూల రాసింది కొట్టేసి, కాగితాన్ని రెండో కట్టలో పెట్టారు. మూడింటికి వరండాలో పేర్లు చదివారు. తొమ్మిదో పేరు నాది. మార్కులు చాలవేమోనని అన్నాళ్లూ నిద్ర మానుకున్నాను. తీరా చూస్తే ఒక్క మాట దగ్గర పోబోయింది సీటు.

చీకటి పడే వేళకి తిరుగు బస్సులో జొన్నాడ వంతెన దాటాం. నాన్న ఈసారి రూపాయి తియ్యలేదు. "గుమాస్తాగారు కోప్పడతారేమో అని భయమేసిందమ్మా," అన్నారు. "నాకూ భయమేసింది నాన్నా," అన్నాను. సీటు గురించి అని ఆయన అనుకుని ఉంటారు. నిజానికి ఆ కౌంటరు దగ్గర సీటు సంగతి కాసేపు మర్చిపోయాను. పాతికేళ్లుగా రాని మాట మా నాన్న నోట వస్తుందా రాదా అన్నదే నన్ను వణికించింది. ఆ తర్వాత మూడేళ్లూ అక్కడ రాళ్లు పట్టుకుని చదువుకున్నాను. ఏ రాయి చూసినా ముందు ఆ బల్ల మీద పెట్టిన ఆయన చేతులే గుర్తొచ్చేవి.

వెళ్లేవాళ్లకి ఒకటే మాట. దరఖాస్తు ఇచ్చాక అక్కణ్ణుంచి కదలకండి. మీ గ్రూపు పేరు గుమాస్తాగారి చేత పైకి చదివించుకుని, కాగితం ఏ కట్టలోకి వెళ్లిందో కళ్లారా చూడండి. పక్కన నాన్న ఉంటే, ఆయన "ఆయండి" అనేలోపు మీరే ముందు మాట్లాడండి.