గట్టిమేళం కింద ఒక మాట

మా ఆసుపత్రికి ఎదురుగా ఈ మధ్య ఒక ఫంక్షన్ హాలు కట్టారు. ముహూర్తాల రోజుల్లో పొద్దున్నే దాని మైకులోంచి సన్నాయి మోగుతుంది. మనుషులు వాయించేది కాదు, పెన్‌డ్రైవులో పెట్టుకొచ్చింది. ఈ రోజు కూడా నేను మందుల ట్రే పట్టుకుని రెండో మంచం దగ్గర ఉండగా డోలూ సన్నాయీ ఒక్కసారిగా పైకి లేచాయి. గట్టిమేళం. ట్రే కింద పెట్టి కిటికీ రెక్కలు మూసేశాను. కొత్తగా చేరిన నర్సు, "ఎందుకక్కా, శుభమే కదా?" అంది. శుభమే. తాళి కట్టే వేళ ఎవరు తుమ్మినా, ఏడ్చినా, చెడ్డమాట అన్నా పెళ్లికూతురి చెవిన పడకూడదనే ఆ హోరు. నాకు ఆ సంగతి చెప్పింది ఖాసీంసాబ్ మామ. ఆ హోరంటే నాకెందుకు భయమో పూర్తిగా తెలిసిన మనిషి కూడా ఆయనే.

ఆసుపత్రి అంటున్నాను గానీ ఇక్కడ రోగాలు నయం చేయం. కళ్యాణదుర్గం రోడ్డులో, వేరుశనగ చేల పక్కన, ఎనిమిది మంచాల భవనం. పెద్దాసుపత్రులు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న వాళ్లకు నొప్పి తగ్గించి, చివరిదాకా చూసుకోవడం మా పని. ఖాసీంసాబ్ గుత్తి దగ్గర పల్లెలో సన్నాయి వాయించేవాడు. చుట్టుపక్కల గుళ్లకూ పెళ్లిళ్లకూ ఆయన మేళమే. వాళ్లన్నను మా దగ్గరికి తెచ్చాడు. అన్న పోయిన నెలకు సన్నాయి సంచి భుజాన వేసుకుని మళ్లీ వచ్చాడు.

"సిస్టరమ్మా, మాయన్న కడాకు ఒక్క పాట వాయించమని అడిగినాడు. ఆసుపత్రిలో యెట్ల వాయించేదని సిగ్గుపడి ఊరకుండినా. మిగిలినోళ్లకన్నా వాయిస్తా."

"మామా, ఇది కల్యాణమండపం కాదు" అన్నాను. అప్పట్లో నాకు నోరు కాస్త ఎక్కువ.

ఆయన కోపం తెచ్చుకోలేదు. వరండాలో కూర్చుని, సన్నాయి చివర విచ్చుకుని ఉండే అనసులో భుజం మీది తువ్వాలు కుక్కి, మెల్లగా ఊదాడు. మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న లారీ డ్రైవరు ఇటు తిరిగాడు. నేను వార్డు తలుపు బార్లా తెరిచాను.

అప్పటినుంచి ప్రతి గురువారం వచ్చేవాడు. వెంట డోలు నరసింహులు. అతను కర్ర పక్కన పెట్టి వేళ్లతోనే తట్టేవాడు. నరసింహులుకు ఆ రోజు కూలి పోతుంది, ఆటో బాడుగ ఒకటి. ట్రస్టు వాళ్లు మందులకే చాలడం లేదన్నారు. "నేను అడుక్కొస్తాలే" అన్నాడు ఖాసీంసాబ్. వాయించిన ప్రతి పెళ్లిలోనూ భోజనాలయ్యాక పళ్లెం పట్టేవాడు. ఎందుకు పడుతున్నాడో దాచేవాడు కాదు. తాడిపత్రిలో ఒక బండల పాలిషింగు యజమాని ఇంటి పెళ్లికి నన్నూ తీసుకెళ్లాడు. ఖాసీంసాబ్ మా వార్డు సంగతి మొదలుపెట్టగానే పెళ్లికూతురి పెదనాన్న మధ్యలో అందుకున్నాడు.

"ఏమప్పా, పెండ్లింట్లో సావు మాట ఎత్తుతావు? బుద్ధి ఉండాదా నీకు?"

"అన్నా, ఆ మంచాల మీద ఉండేటోళ్లు గూడా ఒకనాడు పీటల మీద కూర్చున్నోళ్లే. అప్పుడు వాయించినోన్ని, ఇప్పుడు వాయించొద్దా?"

పెద్దాయన నోట్లు పళ్లెంలో పడేశాడు గానీ మళ్లీ ఆ గడప నుంచి పిలుపు రాలేదు. మాట ఆ నోటా ఈ నోటా పాకింది. చావింటి సన్నాయి అని పేరు పడింది. మంచి ముహూర్తాల్లో కూడా ఆయన ఇంటి అరుగు మీద ఖాళీగా కూర్చునే రోజులొచ్చాయి. గురువారం మాత్రం తప్పేవాడు కాదు.

అలాంటి మనిషి చేత నేను ఒక తప్పు చేయించాను.

ధర్మవరం నుంచి ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. కూతురు నాగరత్న పట్టుచీరలు నేసే పిల్ల, మగ్గం ఆపుకుని వచ్చి తల్లి మంచం పక్కనే కూర్చునేది. ఒక గురువారం మధ్యాహ్నం టీ తేవడానికి బయటికి వెళ్లింది. అప్పటిదాకా మగతగా ఉన్న ఓబుళమ్మ ఉన్నట్టుండి అరవడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పిన మందు ఇచ్చాను. ఆగలేదు. మిగతా మంచాల వాళ్లు బెదిరిపోతున్నారు. నిజం చెప్పాలంటే, నేనూ బెదిరాను.

"మామా, కాస్త గట్టిగా వాయించు. ఆ అరుపులు వీళ్లు వినలేకపోతున్నారు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. సన్నాయిలోంచి తువ్వాలు లాగేశాడు. నరసింహులు కర్ర అందుకున్నాడు. వార్డంతా హోరెత్తిపోయింది. దిండు సర్దుదామని వంగినప్పుడు చూశాను, ఓబుళమ్మ అరవడం లేదు. తలుపువైపు చూస్తూ ఏదో చెబుతోంది. పెదవులు ఒకేలా రెండుసార్లు కదిలాయి. ఆపమని చెయ్యెత్తాను. ఖాసీంసాబ్ కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. ఆయన కళ్లు తెరిచేసరికి ఆమె లేదు.

నాగరత్న టీ గ్లాసుతో వచ్చి నిలబడిపోయింది. "మాయమ్మ ఏమన్నా అనిందా?" అని అడిగింది.

"రత్నా, రత్నా అని రెండుసార్లు నిన్నే పిలిచింది" అన్నాను.

ఆ పిల్ల నావైపు చూసి గ్లాసు కింద పెట్టింది. ఓదార్చాననే అనుకున్నాను.

తరువాతి గురువారం ఖాసీంసాబ్ సంచి విప్పలేదు.

"ఆయమ్మ మాట నీకు ఇనపడిందా, సిస్టరమ్మా?"

"లేదు మామా. ఆ పిల్ల మనసు కుదుటపడుతుందని అలా చెప్పాను."

"నేనొక గట్టిమేళం వాయిస్తి. దాని మీద నువ్వొకటి వాయిస్తివి."

నాకు ఒళ్లు మండింది. ఇన్ని చావులు చూసిన నాకు ఈయన నీతులు చెప్పడమేమిటనుకున్నాను. మూడు రోజులు ఆ మాట అన్నం సయించనివ్వలేదు. ఆదివారం ఇద్దరం ధర్మవరం బస్సెక్కాం.

నాగరత్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. "తల్లీ, మీయమ్మ మాటను తొక్కేసింది నా సన్నాయే" అన్నాడు ఆయన. తరువాత నేను నా అబద్ధం చెప్పాను. మగ్గం వెంటనే ఆగలేదు. కాసేపటికి ఆగింది.

"మాయమ్మ నన్ను ఒక్కనాడు గూడా పేరు పెట్టి పిల్చలేదు. పాపా అనేది. నువ్వు చెప్పినప్పుడే తెలుసక్కా, అబద్దమని. యెవురితో చెప్పుకునేది?"

నాకు తల తీసేసినట్టయింది. నేను ఓదార్చాననుకున్న పిల్ల నా అబద్ధాన్ని కూడా తల్లి చావుతో పాటే ఒంటరిగా మోసింది. మమ్మల్ని క్షమించానని తను అనలేదు. అడిగే ముఖం మాకూ లేదు. లేచేటప్పుడు లోపలికి వెళ్లి, మరక పడి పక్కన పెట్టిన పట్టుముక్క ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నీ పళ్లెంలో ఏసేకి నా తావ దుడ్లు లేవు. ఇది సన్నాయిలో కుక్కుకో. మనిషి మాట్లాడితే ఇనపడాల."

పళ్లెంలో పడిన నోట్లన్నీ ఆటోలకూ కూలికీ ఖర్చయిపోయాయి. ఆ ముక్క మాత్రం ఆయన చనిపోయేదాకా సన్నాయిలోనే ఉంది. ఆ తరువాత ఆయన మా వార్డులో కళ్లు మూసుకుని వాయించడం నేను చూడలేదు. రెండు మూడు గుక్కలకొకసారి ఆపి, మంచంవైపు చూసి, మళ్లీ ఊదేవాడు.

రెండేళ్ల కిందటి వేసవిలో ఆయన ఊపిరితిత్తులే చెడ్డాయి. మా దగ్గరికి రమ్మంటే, "ఆ మంచం ఇంకొకరికి ఇయ్యి" అన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి చూసేదాన్ని. చివరిసారి వెళ్లిన రోజున, ఐదు రోజుల తరువాత వాళ్ల వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. రేయింబవళ్లు ఆయన పక్కనే ఉన్న భార్య హుసేన్‌బీ ఆయన్నీ నన్నూ చూసి, బిందెలు అందుకుంది. "పోయిరా అమ్మా, నేనున్నాను కదా" అన్నాను. బయట ట్యాంకరు మోత, బిందెల చప్పుడు, వంతుల కోసం తగవులు. ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. రెండు ఊపిర్లు వచ్చాయి. మూడోది రాలేదు.

హుసేన్‌బీ చంకన బిందెతో లోపలికి వచ్చింది. చూడగానే అర్థమైంది.

"ఏమన్నా అనినాడా? నన్ను అడిగినాడా?"

నిన్నే అడిగాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువైన మాట! నేనే కదా ఆమెను నీళ్లకు పంపింది. గోడకు ఆయన సన్నాయి వేలాడుతోంది, అనసులో పట్టుముక్క కనిపిస్తోంది.

"లేదమ్మా. చెవి పెట్టి విన్నాను. ఏమీ అనలేదు."

ఆమె బిందె దించి, ఆయన గుండె మీద తన చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తరువాత ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరుగున వచ్చి ఊరుకో, ఊరుకో అంటున్నారు. నేను అనలేదు. పక్కన కూర్చుని విన్నాను.

ఆ పట్టుముక్క హుసేన్‌బీ నాకిచ్చింది. గురువారాలు ఇప్పుడు నరసింహులు బావమరిది వచ్చి వాయిస్తాడు, ఆ ముక్క పెట్టుకునే. పెళ్లిళ్లలో పళ్లెం నేను పడుతున్నాను, తిట్లూ నేనే తింటున్నాను.

ఈ రోజు కిటికీ మూశాక రెండో మంచం మీది పెద్దాయన పెదవులు కదిలాయి. వంగాను. "మంచినీళ్లు" అన్నాడు. వినపడింది.